సగం గుడ్డు

సూపర్‌వైజర్ శ్రీదివ్య మేడం వచ్చి వెళ్ళి మూడు రోజులైంది. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం అంగన్‌వాడీ టీచరు సూర్యకళని వదల్లేదు. అన్నం కలుపుకుంటున్నా అదే, పక్కమీద వాలినా అదే.

"ఒక బాబు నాలుగు వందల గ్రాములు తగ్గాడు. ఇంకో ముగ్గురు రెండు నెలలుగా గ్రాము కూడా పెరగలేదు. స్టాకు సరిగ్గానే వస్తోంది, పిల్లలూ వస్తున్నారు. మరి తిండి ఎక్కడికి పోతోందండి సూర్యకళ గారూ? శుక్రవారం మళ్ళీ వస్తాను. అప్పటికి నాకు జవాబు కావాలి."

ఆ అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. మాటలో మర్యాద ఎక్కడా తగ్గలేదు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. సూర్యకళ ఈ ఉద్యోగంలో చేరి ఇరవై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో తన సెంటర్లో తిండి గురించి వేలెత్తి చూపించిన వాళ్ళు లేరు.

ఈ రోజు గురువారం. జవాబు ఇంకా దొరకలేదు.

పొద్దున్న తొమ్మిదింటికి తాళం తీసేసరికే ఒళ్ళంతా బరువుగా ఉంది. మోకాళ్ళు సరే, అవెప్పుడూ ఉన్నవే. రాత్రి పదకొండింటిదాకా ఫోన్లో పేర్లు ఎక్కించి, ఎక్కనివాటిని మళ్ళీ ఎక్కించి, కళ్ళు మండిపోతున్నాయి. ఆషాఢం వచ్చినా వాన లేదు. తాళ్ళరేవు వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు, ఉక్క తప్ప చల్లదనం లేదు. ఈ పూటకి పిల్లలు ఎవరూ రాకపోతే బావుణ్ణని ఒక్క క్షణం అనిపించి, ఆ వెంటనే సిగ్గేసింది.

పిల్లలు వచ్చారు. పద్నాలుగు మందికి పన్నెండు మంది. వచ్చీ రాగానే గోడ దగ్గరికి పరిగెత్తారు.

ఆ గోడ సూర్యకళ సంపాదన. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మిగిలిపోయిన శుభలేఖలు ఆవిడకే చేరతాయి. ఊదారంగు కార్డు దొరికితే వంకాయలు కోస్తుంది, ఎర్రది దొరికితే టమాటాలు, ఆకుపచ్చది దొరికితే తోటకూర కట్టలు. బంగారు రంగు అంచులన్నీ గుమ్మడిపళ్ళయిపోతాయి. బెండకాయని అడ్డంగా కోసి పసుపు నీళ్ళలో ముంచి కాగితం మీద అద్దితే పువ్వు పడుతుంది. ఆ పువ్వుల కోసం ఇంట్లో బెండకాయ ముట్టని పిల్లలు కూడా ఇక్కడ కొట్టుకుంటారు. కొట్టుకుని, అద్దుకుని, చివరికి మధ్యాహ్నం కూరలో కనిపిస్తే "ఇది మా పువ్వే" అని తింటారు. ఇన్నేళ్ళలో సూర్యకళ నేర్చుకున్న విద్యంతా అదే. తినమని చెబితే పిల్లలు తినరు. చేత్తో చేసినదాన్ని తింటారు.

"ఇవాళ పళ్ళెం ఆట" అంది కుర్చీలో కూలబడుతూ. "మట్టి తీసుకోండి. పళ్ళెంలో ఎన్ని రంగులుండాలి?"

"నాలుగూ!"

కాలవ గట్టు నుంచి తెచ్చిన బంకమట్టి తలా ఒక ముద్ద పంచింది. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు చేసి, రంగు కాగితం ముక్కలు తుంపి అంటించాలి. రోజూ అయితే ఆ పని వాళ్ళకి అప్పజెప్పి ఫోను పట్టుకుని గుమ్మంలోకి వెళ్తుంది. సిగ్నలు అక్కడే దొరుకుతుంది. ఇవాళ ఫోను చార్జింగుకి పెట్టేసింది. ఊరికే కూర్చుని పిల్లల్ని చూసింది. ఇలా చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

మట్టి పళ్ళేలు తయారయ్యాక ఆట దానంతటదే భోజనాల ఆటగా మారింది. నాలుగేళ్ళ హరిచందన ఆయా అయిపోయింది. తుండుగుడ్డని పైట చేసుకుంది, కొసని నడుం దగ్గర దోపుకుంది. ఒక చెయ్యి వెనక్కి పెట్టి, అచ్చం ఆయా బుల్లెమ్మలాగే కాస్త వంగి నడిచింది. మిగతా పిల్లలు వరసగా కూర్చున్నారు. సూర్యకళకి నవ్వొచ్చింది.

హరిచందన మట్టి గుడ్డు తీసుకుంది. ఎక్కడి నుంచో దారప్పోగు ఒకటి తెచ్చి, గుడ్డు చుట్టూ వేసి లాగింది. గుడ్డు రెండు చెక్కలయింది. బుల్లెమ్మ ఉడికిన గుడ్డుని కోసేదీ అలాగే. ఒక చెక్క సుమంత్ పళ్ళెంలో వేసింది. రెండో చెక్కని నడుం దగ్గర మడతలో దోపేసింది.

"గబగబా తినేసెయ్ నాన్నా. టీచరుగారు ఫోన్లో ఉన్నారు" అంది, గొంతు తగ్గించి.

సూర్యకళ నవ్వు అక్కడే ఆగిపోయింది.

పక్క పిల్లకి గుడ్డు మొత్తం పెట్టింది. ఆ తర్వాత పిల్లాడికీ మొత్తమే. నాలుగో పిల్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ దారం, మళ్ళీ సగం, మళ్ళీ మడతలోకి.

"చందూ" అని పిలిచింది సూర్యకళ. "ఆ సగం ఎక్కడ పెడుతున్నావమ్మా?"

"దాస్తున్నా టీచర్."

"ఎవరికి?"

"ఏమో. బుల్లెమ్మ మామ్మకి తెలుసు."

"మరి కొందరికి మొత్తం పెడుతున్నావు?"

హరిచందన ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు చూసింది. "నేనూ, సుమంత్, ఇంకో ఇద్దరూ ఇంట్లో గుడ్డు తింటాం కదా. అందుకని మాకు సగం."

సుమంత్ మట్టి చెక్కని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. నాలుగు వందల గ్రాములు తగ్గింది వాడే. తలెత్తకుండా అన్నాడు, "మా ఇంట్లో ఉడకబెట్టరు."

వంటగదిలో కుక్కరు కూతేసింది. సూర్యకళ కుర్చీలోంచి లేవలేదు. లేచి వెళ్ళి అడిగితే పన్నెండు మంది పిల్లల ముందు అడగాలి. అడక్కుండా కూర్చోవాలంటే ఇంకా నాలుగు గంటలు కూర్చోవాలి. కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర తనే స్వయంగా గుడ్లు వడ్డించింది, ఒక్కొక్కరికి ఒక్కోటి, మొత్తం. బుల్లెమ్మ చారు గరిటె పట్టుకుని ఆ చేతి వంకే చూస్తూ నిలబడింది. ఆవిడకి అర్థమైపోయింది.

మూడున్నరకి పిల్లలందరూ వెళ్ళిపోయారు. బుల్లెమ్మ పెరట్లో గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. సూర్యకళ వెళ్ళి ఎదురుగా గట్టు మీద కూర్చుంది. ఇద్దరూ ఈ పెరట్లో ఇరవై ఏళ్ళుగా కలిసి టీ తాగుతున్నారు. బుల్లెమ్మ ఐదారేళ్ళు పెద్దది. అక్కా అని పిలవడం అలవాటు.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?"

బుల్లెమ్మ గిన్నె తోమడం ఆపలేదు. "ఉగాది వెళ్ళిన వారం నుంచండి."

"ఇంటికి పట్టుకెళ్తున్నావా?"

"మా ఇంట్లో నేనొక్కదాన్నేనండి. నాకెందుకండి గుడ్లు?"

"మరి ఎవరికి? ఇన్నేళ్ళు నిన్ను నమ్మి వంటగది తాళం ఎప్పుడూ అడగలేదు. రేపు ఆ అమ్మాయి వచ్చి నన్ను దొంగని చేసి నిలబెడుతుంది. నేను కాదంటే నిన్ను నిలబెడుతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరం ఇంటికి పోవాలి. ఎవరి కోసం చేశావో చెప్పు."

బుల్లెమ్మ చేతులు కడుక్కుంది. పైటతో తుడుచుకుంది. అప్పుడు తలెత్తింది.

"మీరే పొమ్మన్నారు కదండీ వాళ్ళని."

"నేనా? ఎవర్ని?"

"చెరువు గట్టు మీద ఉంటుందే, ఆవిడ్ని. పాపని చంకనేసుకుని వచ్చింది. మీరు గుమ్మంలో ఫోను పట్టుకుని ఉన్నారు. ఆధార్ కార్డు ఉందా అని అడిగారు. లేదని తలూపింది. కార్డు లేకపోతే ఈ ఫోను పేరు తీసుకోదు తల్లీ, నన్నేం చెయ్యమంటావు అన్నారు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు."

సూర్యకళకి లీలగా గుర్తొచ్చింది. ఎండలో ఒక బక్కపల్చని మనిషి. ఒడిశా నుంచి వచ్చిన కూలీల గుంపులోదని ఎవరో అన్నారు. మాట రానట్టు చేత్తో నోటి దగ్గర సైగ చేసింది. భుజం మీంచి ఒక పిల్ల గోడమీది కాగితం గుమ్మడిపళ్ళని చూస్తోంది. ఆ రోజు సర్వే ఆఖరి రోజు. పొద్దుటి నుంచి నలభై ఇళ్ళు తిరిగి వచ్చింది. మొహంలోకి సరిగ్గా చూడను కూడా లేదు.

"నాకు చెప్పొచ్చు కదా అక్కా" అంది.

"చెబితే ఏం చేసేవారండి? రూలు ఒప్పుకోదనేవారు. లేకపోతే ఒప్పుకుని, దానికోసం ఇంకో పది ఆఫీసులు తిరిగేవారు. మీరు మంచోరేనండి. కాదన్నది ఎవరు? కానీ మీరు అలిసిపోయారు. రోజూ చూస్తున్నాను కదా. అలిసిపోయిన మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టడానికి నాకు మనసొప్పలేదండి. అందుకని నాకు తోచింది నేను చేశాను. ఇంట్లో తినే పిల్లలవే తీశాను. లేనోళ్ళవి ఒక్కటీ ముట్టలేదు, ఆయ్, నా మీద ఒట్టు."

"సుమంత్?"

"ఆడికేం తక్కువండీ? డాబా ఇల్లు. వాళ్ళమ్మ కువైట్ నుంచి పంపుతోంది కదా."

"వాళ్ళమ్మ కువైట్ వెళ్ళిందనే కదా! ఇంట్లో వంట చేసే మనిషి ఎవరున్నారు? ఉన్న ఒక్క ముసలి మామ్మకి కళ్ళు కనపడవు. పొద్దున్న చిప్సు ప్యాకెట్టు, సాయంత్రం చిప్సు ప్యాకెట్టు. వాడు రోజు మొత్తం మీద తినే తిండి ఇక్కడ తినేదే. అందులో కూడా సగం గుడ్డు నువ్వు తీశావు."

బుల్లెమ్మ మొహం వాడిపోయింది. తోమిన గిన్నెని తీసి మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ చేతులు కూడా ఆగిపోయాయి. పైట నోటికడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

సూర్యకళకి తిట్టాలనిపించలేదు. తిట్టడానికి కూడా ఓపిక కావాలి. అంతకు మించి, తిట్టడం ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. డాబా ఇల్లు చూసి బుల్లెమ్మ పొరపాటు పడింది. కార్డు లేదని తను తలుపేసింది. ఇద్దరూ పిల్లల మొహాలు చూడలేదు.

"రేపటి నుంచి ఎవరి పళ్ళెంలో గుడ్డు వాళ్ళకే" అంది చివరికి. "మేడంకి జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను. నువ్వు నోరు విప్పకు. ఆవిడ ఏమంటుందో అననీ. ఇప్పుడు లే. నన్ను అక్కడికి తీసుకెళ్ళు."

"ఇప్పుడాండీ? మీ కాళ్ళు..."

"కాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

బీరువాలోంచి పిల్లల చెయ్యి ఎంత సన్నబడిందో కొలిచే రంగుల టేపు తీసి సంచిలో వేసుకుంది.

యానాం రోడ్డు దాటి చెరువుల దారి పట్టారు. సాయంత్రమయింది కాబట్టి చవక మందు కోసం రోడ్డు మీద బైకులు వరసగా యానాం వైపు పోతున్నాయి. ఒక్కో బండికి ఇద్దరు, వెనకవాడి చేతిలో ఖాళీ సంచి. గట్టెక్కాక ఆ మోత తగ్గింది, చెరువు నీళ్ళలోకి గాలి చిమ్మే ఏరియేటర్ల మోత మొదలైంది. కనుచూపు మేర రొయ్యల చెరువులే. ఒకప్పుడు ఇక్కడ వరిచేలు. ఇప్పుడు చంద్రరావు గారివే పదకొండు చెరువులు. గట్టు వెంబడి మేత బస్తాలు పేర్చి ఉన్నాయి. తెప్ప మీద ఒకతను తిరుగుతూ మేత చల్లుతున్నాడు. కొంచెం చల్లి, జల్లెడ పైకి లాగి, రొయ్యలు ఎంత తిన్నాయో చూసి, మళ్ళీ చల్లుతున్నాడు.

"రోజుకి నాలుగు పూటలండి" అంది బుల్లెమ్మ. "ఒక్క పూట ఆలస్యమైతే చంద్రరావు గారు ఊరుకోరు. ఆ పాప తల్లి ఇక్కడే మేత కలిపే పని చేస్తుంది."

మోకాళ్ళు కలుక్కుమంటుంటే సూర్యకళ బుల్లెమ్మ భుజం పట్టుకుని నడిచింది.

ఆఖరి చెరువు మూల నీలం పరదా కప్పిన పాక. పాప తల్లి మేత పనిలో ఉన్నట్టుంది, కనిపించలేదు. పాప మాత్రం గుమ్మంలో కూర్చుని ఉంది. బుల్లెమ్మని చూడగానే మొహం విప్పారింది. నాలుగేళ్ళుంటాయేమో, రెండేళ్ళ పిల్లంత ఉంది. జుట్టు ఎర్రబారింది. ముందు ఒక మట్టి పళ్ళెం పెట్టుకుంది.

"నేనే నేర్పానండి" అంది బుల్లెమ్మ, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "మీ పిల్లలు చింపి పారేసిన ముక్కలు పట్టుకొచ్చేదాన్ని. పాపాయి అని పిలుస్తున్నాను."

పాపాయి పళ్ళేన్ని సూర్యకళ వైపు తోసింది. "నాలుగు రంగులూ ఉన్నాయి, చూడు" అంది. ఆ తెలుగు మాటలు కూడా బుల్లెమ్మే నేర్పి ఉంటుందనుకుంది సూర్యకళ.

అన్నం ఉంది. ఆకు తుంపి పెట్టిన కూర ఉంది. పసుపు కాగితం అంటించిన పప్పు ఉంది. పక్కన తెల్లకాగితం చుట్టిన గుడ్డు. ఒకవైపు గుండ్రంగా, ఇంకోవైపు దారంతో కోసినట్టు చదునుగా.

"ఇదేంటమ్మా?"

"గుడ్డు."

"గుడ్డు ఇలాగే ఉంటుందా?"

"ఆఁ. ఇలాగే ఉంటుంది."

బుల్లెమ్మ అటు తిరిగి నిలబడింది. ఆ పిల్ల మొత్తం గుడ్డు చూసి ఎన్నాళ్ళయిందో మరి. సూర్యకళ కింద కూర్చుని, సంచిలోంచి టేపు తీసి, ఆటలాగే పాపాయి చేతికి చుట్టింది. ఆకుపచ్చ దాటింది. పసుపు దాటింది. ప్రాణాపాయం అని చెప్పే ఎరుపులోకి వెళ్ళి, ఇంకా లోపలికి వెళ్ళి ఆగింది. మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టింది. అక్కడే ఆగింది.

అప్పుడే ఆ మనిషి గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. మోచేతుల దాకా మేత పిండి. పాతికేళ్ళుంటాయి. సూర్యకళని గుర్తుపట్టి, పాపని లాగి ఒళ్ళో పెట్టుకుంది.

"భయపడకమ్మా" అంది సూర్యకళ. భాష తెలియని మనిషి కదా అని చేతులతో కూడా చెప్పింది. "ఆ రోజు నాదే తప్పు. కానీ పాపకి ఇప్పుడు గుడ్లు చాలవు. వెంటనే ఆసుపత్రిలో చేర్పించాలి. కాకినాడ తీసుకెళ్దాం. నువ్వూ పక్కనే ఉండొచ్చు, తిండి వాళ్ళే పెడతారు. ఆలస్యం చేస్తే..." అని ఆగి, ఆ మాట సైగలతో ఎలా చెప్పాలో తెలియక ఊరుకుంది. తర్వాత బుల్లెమ్మ వైపు తిరిగింది. "కార్డు అడుగుతారు. లేకపోతే ఏం చెయ్యాలో చూడాలి."

"కార్డు ఉందండి."

ఆ మాట బుల్లెమ్మే అందని మొదట అనుకుంది సూర్యకళ. బుల్లెమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"రెండు కార్డులూ ఉన్నాయండి" అంది ఆ మనిషి మళ్ళీ. ఒడిశా యాస కాదు. రాజమండ్రి వైపు మాట.

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదేంటే!" అంది బుల్లెమ్మ.

ఆ మనిషి పాకలోకి వెళ్ళి, బియ్యం డబ్బా అడుగు నుంచి పాలిథిన్ కవరు చుట్టిన పొట్లం తెచ్చింది. సూర్యకళ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. నాగరత్నం. ఊరు కోరుకొండ మండలంలోది. రెండోది చిన్నపిల్లలకిచ్చే నీలం రంగు కార్డు, పాపది. దాని మీద తండ్రి పేరు రమేష్ బాబు.

"మరి ఆ రోజు లేదని ఎందుకు తలూపావమ్మా?"

"పాప పేరు మీ ఫోన్లో ఎక్కిస్తే ఇంకెవరికైనా తెలుస్తుందా అండి?"

సూర్యకళ అబద్ధం చెప్పలేకపోయింది. "మెసేజ్ వెళ్ళొచ్చు. కార్డుకి ఏ నంబరు ఇచ్చారో ఆ నంబరుకి."

"నంబరు ఆయనదేనండి." నాగరత్నం పాపని ఇంకా దగ్గరికి తీసుకుంది. "ఎక్కించకపోతే పిల్ల బతకదంటారా?"

"ఎక్కించకుండా చేర్చుకోమని అడుగుతాను. కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను. కానీ నాకు నిజం తెలియాలి కదా. నీ మొగుడు కొడతాడా? అందుకని వచ్చేశావా?"

"నా మొగుడు కాదండి. మా బావ. ఈ పాపని కన్నది మా అక్క."

తెప్ప మీది మనిషి మేత చల్లడం ముగించి గట్టుకి వస్తున్నాడు. బుల్లెమ్మ సూర్యకళ పక్కన మెల్లిగా కూలబడింది.

"మీ అక్క ఇప్పుడు ఎక్కడుందమ్మా?" అని అడిగింది సూర్యకళ.

నాగరత్నం ఒళ్ళోని పాప వైపు చూసింది. మేత పిండి అంటిన రెండు అరచేతులతో ఆ పిల్ల చెవులు రెండూ గట్టిగా మూసింది. అప్పుడు నోరు విప్పింది.